చిన్న వాహనానికి తేలికైన ట్రావెల్ ట్రైలర్: ఏ పరిమితి ముందుగా నిండుతుంది?

చిన్న క్రాసోవర్ ఉన్న కుటుంబం ట్రావెల్ ట్రైలర్ (కారు వెనక తగిలించి లాగే, పడకా వంటా ఏర్పాట్లున్న బండి) కొనాలనుకున్నప్పుడు సాధారణంగా రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తుంది. వాహనం బ్రోచర్‌లో లాగుడు సామర్థ్యం 1,350 కిలోలని ఉంటుంది, ట్రైలర్ వివరాల్లో ఖాళీ బరువు 950 కిలోలని ఉంటుంది. ఇంకా 400 కిలోల వెసులుబాటు ఉందని లెక్క తేలుతుంది. అదే ట్రైలర్‌లో నీళ్లూ సామానూ నింపి, కారులో నలుగురు కూర్చుని వేబ్రిడ్జి ఎక్కితే మిగిలేది పదో ఇరవయ్యో కిలోలు మాత్రమే కావచ్చు, ఒక్కోసారి అదీ మిగలదు. పైన చెప్పిన రెండు అంకెల్లో ఏదీ అబద్ధం కాదు. అయితే ఒక వాహనం ఎంత లాగగలదో తేల్చే పరిమితులు అయిదారు ఉంటాయి, వాటిలో ఏది ముందుగా నిండితే అదే అసలు హద్దు అవుతుంది. చిన్న వాహనాల విషయంలో అలా ముందుగా నిండేది చాలాసార్లు బ్రోచర్‌లో పెద్ద అక్షరాలతో వేసిన ఆ సామర్థ్యం కాకపోవడమే ఈ అయోమయానికంతటికీ మూలం.

బరువుల పేర్లు, వాటి వెనక ఉన్న అర్థాలు

ట్రైలర్ ఖాళీ బరువు అంటే అది కర్మాగారం నుంచి బయటికి వచ్చినప్పటి బరువు. నీళ్లు, గ్యాస్, బట్టలు, వంటపాత్రలు ఇందులో ఉండవు. బ్యాటరీని, తర్వాత బిగించుకునే ఏసీని, పక్కన తెరుచుకునే పందిరిని కూడా చాలా కంపెనీలు ఇందులో కలపవు. జీవీడబ్ల్యూఆర్ అనేది దీనికి అవతలి కొస, అంటే సామానుతో సహా ట్రైలర్ ఎంత బరువు వరకు ఉండవచ్చో చెప్పే గరిష్ఠ పరిమితి. ఈ రెండింటి మధ్య తేడాయే మనం నింపుకోగలిగిన బరువు. ఇది మరీ తక్కువగా, 150 కిలోల లోపు ఉన్న ట్రైలర్‌ను చూసినప్పుడు నాకు అనుమానం కలుగుతుంది, ఎందుకంటే ఒక్క నీళ్ల ట్యాంకే అందులో సగం తినేస్తుంది. ఖాళీ బరువు తక్కువగా ఉన్నంత మాత్రాన రోడ్డు మీద అది తేలికైన ట్రైలర్ అయిపోదు.

వాహనానికీ ఇలాంటి జీవీడబ్ల్యూఆర్ ఉంటుంది. అందులోంచి వాహనం సొంత బరువును తీసేస్తే మిగిలేది పేలోడ్. మనుషులు, డిక్కీలో సామాను, హిచ్ (ట్రైలర్‌ను కారుకు తగిలించే అమరిక) సామగ్రి, వాటితో పాటు ట్రైలర్ ముక్కు వాహనం మీద మోపే భారం, అన్నీ పేలోడ్‌లోంచే ఖర్చవుతాయి. అమెరికాలో అమ్మే వాహనాలకు డ్రైవర్ తలుపు చట్రం మీద అతికించిన పత్రంలో ఈ అంకె ఆ ఒక్క వాహనానికే వర్తించేలా ఉంటుంది. సన్‌రూఫ్, పెద్ద చక్రాలు వంటి హంగులు పెరిగేకొద్దీ పేలోడ్ తగ్గుతుంది కాబట్టి ఒకే మోడల్ కార్లు రెండింటికి వేర్వేరు అంకెలు ఉండవచ్చు.

ఇక జీసీడబ్ల్యూఆర్ అనేది వాహనమూ ట్రైలరూ అందులోని సమస్తమూ కలిపి దాటకూడని మొత్తం. ఇంజిను, గేర్‌బాక్సు, వాటిని చల్లార్చే ఏర్పాట్లు ఎంత భారాన్ని తట్టుకుంటాయన్నదాన్ని బట్టి దీన్ని నిర్ణయిస్తారు.

ముక్కు బరువు: అందరూ చివర చూసే అంకె, ముందుగా నిండే అంకె

ట్రైలర్ ముందు భాగం హిచ్ బాల్ (హిచ్ మీద ట్రైలర్ ముక్కు కూర్చునే గుండు) మీద కిందికి మోపే బరువును అమెరికాలో టంగ్ వెయిట్ అంటారు, బ్రిటన్‌లో నోస్ వెయిట్ అంటారు. ముక్కు బరువు అంటే మనకు సులువుగా అర్థమవుతుంది. ఎడ్లబండిలో బరువంతా వెనక వేస్తే కాడి పైకి లేస్తుంది, మరీ ముందు వేస్తే ఎడ్ల మెడలు కుంగుతాయి. ఇక్కడ జరిగేదీ అదే, కాకపోతే గంటకు తొంభై కిలోమీటర్ల వేగంలో జరుగుతుంది.

ముక్కు బరువు చాలకపోతే ట్రైలర్ పక్కలకు ఊగడం మొదలుపెడుతుంది. ఒక పెద్ద లారీ దాటిపోయినప్పుడు తగిలే గాలి చాలు. తక్కువ వేగంలో ఆ ఊపు రెండు మూడుసార్లు అటూ ఇటూ కదిలి దానంతటదే సద్దుమణుగుతుంది. ఒక నిర్దిష్టమైన వేగం దాటాక మాత్రం ప్రతి ఊపూ ముందరి దానికంటే పెద్దదవుతూ చివరకు వాహనం వెనక భాగాన్నే పక్కకు లాగేస్తుంది. ఆ వేగం ఎంత అన్నది ముక్కు బరువు మీద, ట్రైలర్ పొడవు మీద, లోపలి బరువులు ఇరుసుకు ఎంత దూరంలో ఉన్నాయన్నదాని మీద, లాగే వాహనం బరువు మీద ఆధారపడుతుంది. తేలికైన వాహనాన్ని ట్రైలర్ సులువుగా పక్కకు తోయగలదు కాబట్టి చిన్న కార్ల వారికి ఈ విషయం మరింత ముఖ్యం.

ముక్కు బరువు ఎక్కువైతే వేరే ఇబ్బంది. వాహనం వెనక కుంగుతుంది, ముందు చక్రాల మీద భారం తగ్గుతుంది, స్టీరింగ్ తేలిపోతున్నట్టు అనిపిస్తుంది. ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లలో ఎత్తు ఎక్కేటప్పుడు పట్టు తప్పేదీ అక్కడే. అందుకే ఉత్తర అమెరికాలో నిండిన ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం వరకు ముక్కు మీద ఉండాలని చెబుతారు. అదే సమయంలో వాహన తయారీదారు ముక్కు బరువుకు కిలోల్లో ఒక గరిష్ఠ హద్దు విధిస్తాడు. ఆ శాతాన్నీ ఈ హద్దునూ ఒకేసారి పాటించవలసి రావడంతో చిన్న వాహనాల దారి ఇరుకవుతుంది.

ఒక కుటుంబం లెక్క, మొదటి నుంచి చివరి వరకు

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. డ్రైవర్ లేకుండా వాహనం బరువు 1,650 కిలోలు, జీవీడబ్ల్యూఆర్ 2,150, కాబట్టి పేలోడ్ 500. లాగుడు సామర్థ్యం 1,350, ముక్కు బరువు హద్దు 135, జీసీడబ్ల్యూఆర్ 3,250. ట్రైలర్ ఖాళీ బరువు 950, గరిష్ఠం 1,300.

ట్రైలర్‌లో 80 లీటర్ల నీళ్లు నింపితే 80 కిలోలు. నిండు గ్యాస్ సిలిండర్ ఒకటి 17, బ్యాటరీ 25, తర్వాత బిగించిన ఏసీ 40, పక్కబట్టలూ పాత్రలూ తిండిసామానూ కుర్చీలూ కలిపి 110. మొత్తం 1,222 కిలోలు. లాగుడు సామర్థ్యం ఇంకా 128 కిలోలు మిగిలే ఉంది. ఇందులో 12 శాతం ముక్కు మీద పడితే 147 కిలోలు, అంటే హద్దు దాటింది. సామాను సర్దుబాటు చేసి 11 శాతానికి తెస్తే 134 కిలోలు, ఒక్క కిలో తేడాతో బయటపడ్డాం.

ఇప్పుడు వాహనం వైపు చూద్దాం. నలుగురు మనుషులు 260 కిలోలు, డిక్కీలో సామాను 70, హిచ్ సామగ్రి 25, ముక్కు బరువు 134. మొత్తం 489. పేలోడ్‌లో మిగిలింది 11 కిలోలు. అంతా కలిపిన బరువు 3,227, అక్కడ మిగిలింది 23. బ్రోచర్ చూసినప్పుడు కనిపించిన 400 కిలోల వెసులుబాటు ఇలా ఆవిరైంది. నాకు ఇందులో ఆందోళన కలిగించేది ఏమిటంటే, ఈ కుటుంబం చేసిన తప్పంటూ ఏమీ లేదు, అనవసరమైన వస్తువు ఒక్కటీ పెట్టుకోలేదు.

రెండు సైకిళ్లు, ఒక నీళ్ల ట్యాంకు

ఈ దశలో పిల్లల సైకిళ్లు గుర్తుకొస్తాయి. రెండూ స్టాండుతో కలిపి 30 కిలోలు. కారు మీద పెడితే పేలోడ్ దాటుతుంది కనుక ట్రైలర్ వెనక బంపర్‌కు తగిలిస్తారు. హిచ్ బాల్ నుంచి ఇరుసు 3.2 మీటర్ల దూరంలో ఉందనుకుందాం, సైకిళ్లు ఇరుసుకు 2 మీటర్లు వెనక ఉన్నాయనుకుందాం. తక్కెడ సూత్రం ప్రకారం ముక్కు బరువు 30ని 2తో గుణించి 3.2తో భాగించినంత, అంటే సుమారు 19 కిలోలు తగ్గుతుంది. 134 కాస్తా 115 అవుతుంది. ట్రైలర్ మొత్తం బరువు 1,252 అయింది కాబట్టి ఇది 9.2 శాతం మాత్రమే. ట్రైలర్ చివర తగిలించిన ఆ 30 కిలోలకు ఊపును పెంచే గుణం కూడా ఉంటుంది, ఎందుకంటే ఇరుసుకు దూరంగా ఉన్న బరువు ఒకసారి కదిలితే ఆపడం కష్టం.

నీళ్ల ట్యాంకు కథ ఇంకా విచిత్రం. అది ఇరుసుకు ఒక మీటరు వెనక ఉన్న ట్రైలర్‌లో, సైకిళ్లు లేనప్పుడు, బరువు తగ్గిద్దామని నీళ్లన్నీ వదిలేశారనుకుందాం. ట్రైలర్ 1,142 కిలోలకు తగ్గింది. అయితే వెనక నుంచి తూగే 80 కిలోలు పోవడంతో ముక్కు మీద 25 కిలోలు పెరిగి 159 అయింది. బరువు తగ్గించబోయి ముక్కు హద్దునూ, పేలోడ్‌నూ రెండింటినీ దాటేశారు. ట్యాంకు ఇరుసుకు ముందున్న ట్రైలర్‌లో దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరుగుతుంది. ట్రైలర్ నమూనా పటంలో మంచాలు, వంటగది ఎక్కడున్నాయో అందరూ చూస్తారు. నేనైతే ముందుగా ట్యాంకు ఎక్కడుందో చూస్తాను.

ముక్కు బరువును ఇంట్లో వాడే చిన్న తూకంతో కూడా కొలవవచ్చు. ఒక గట్టి దిమ్మె ఒకవైపు, తూకం మరోవైపు ఉంచి వాటిపై దూలం పరుస్తారు. ట్రైలర్ ముక్కును దిమ్మెకు ఒక వంతు, తూకానికి రెండు వంతుల దూరంలో దూలం మీద మెల్లగా దించితే, తూకం మీద అసలు బరువులో మూడో వంతు పడుతుంది. దూలం బరువును మినహాయించి చూసినప్పుడు తూకం ముల్లు 45 దగ్గర ఆగిందంటే ముక్కు బరువు 135 కిలోలు.

గాలి తూకానికి అందదు

కిలోలన్నీ సరిపోయినా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. ట్రైలర్ ముందు ముఖం ఎంత పెద్దది? గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. దాన్ని ఎదుర్కోవడానికి కావలసిన శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. నిలువెత్తు ట్రైలర్ ముఖం దాదాపు 5 చదరపు మీటర్లు ఉంటుంది, చిన్న క్రాసోవర్ ముఖం అందులో సగం. కారు వెనక దాగే ఎత్తున్న ట్రైలర్‌కూ, కారు పైకప్పు మీదుగా మరో మీటరు లేచిన ట్రైలర్‌కూ బరువు ఒకటే అయినా ఇంజిను పడే శ్రమ ఒకటి కాదు. అందుకే కొన్ని వాహనాల మాన్యువల్‌లో లాగుడు సామర్థ్యంతో పాటు ట్రైలర్ ముఖ వైశాల్యానికీ పరిమితి రాసి ఉంటుంది. ఆ వాక్యం సాధారణంగా చిన్న అక్షరాల్లో, ఎక్కడో లోపలి పేజీలో ఉంటుంది.

మన ఉదాహరణలోని కారు-ట్రైలర్ జంటకు నిరోధ గుణకాన్నీ ముఖ వైశాల్యాన్నీ గుణిస్తే 2.2 చదరపు మీటర్లు వస్తుందనుకుంటే, గంటకు 100 కిలోమీటర్ల వేగంలో గాలిని చీల్చడానికే 28 కిలోవాట్లు కావాలి. వేగాన్ని 80కి తగ్గిస్తే అది 14.5కు పడిపోతుంది. వేగంలో అయిదో వంతు తగ్గిస్తే శ్రమలో సగం పోయినట్టు. విద్యుత్ వాహనాలవారికి ఇదే లెక్క మరో రూపంలో ఎదురవుతుంది. నిలువెత్తు ట్రైలర్‌ను లాగితే ఒక చార్జింగ్‌తో వెళ్లగలిగే దూరం సుమారు సగానికి పడిపోవడం వారికి తెలిసిన అనుభవమే.

కొండ ఎక్కేటప్పుడు

ఇదే జంట, మొత్తం 3,227 కిలోలు, 6 శాతం వాలున్న దారిలో గంటకు 80 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే కేవలం బరువును పైకి మోయడానికే 42 కిలోవాట్లు కావాలి. టైర్ల రాపిడికి సుమారు 8, గాలికి 14.5 కలిపితే దాదాపు 65 కిలోవాట్లు, అంటే 87 హార్స్‌పవర్. అదీ ఒక్క క్షణం కాదు, కొండ ఎక్కినంతసేపూ. 110 కిలోవాట్ల ఇంజిను ఉన్నప్పుడు ఇది పెద్ద విషయమా అనిపించవచ్చు. ఆ 110 గరిష్ఠ భ్రమణ వేగంలో వచ్చే అంకె, చక్రాల దాకా చేరేసరికి తగ్గే అంకె. టర్బో లేని ఇంజినుకు సముద్ర మట్టం నుంచి ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకూ శక్తి సుమారు 10 శాతం తగ్గుతుంది. ఈ కారణంగానే ఎత్తు పెరిగేకొద్దీ మొత్తం బరువును ఆ మేరకు తగ్గించుకోవాలని కొన్ని యూరప్ కంపెనీల మాన్యువల్స్ చెబుతాయి. సీవీటీ (మెట్లు లేకుండా గేరు నిష్పత్తిని మార్చే) గేర్‌బాక్సు ఉన్న చిన్న కార్లలో ఇంజిను కంటే ముందు గేర్‌బాక్సు నూనె వేడెక్కుతుంది. లాగుడు ప్యాకేజీలో ప్రత్యేక ఆయిల్ కూలర్ ఉందా లేదా అన్నది అందువల్లే అంత ముఖ్యమవుతుంది.

"ఎనభై శాతమే లాగాలి" అన్న మాట నిజమేనా?

ఇక్కడ రెండు వాదాలున్నాయి. సామర్థ్యంలో 80 శాతానికి మించి లాగకూడదని చాలామంది అనుభవజ్ఞులు అంటారు. తయారీదారు అన్నీ పరీక్షించే ఆ అంకె ఇచ్చాడు, అందులోనే భద్రత కలిసి ఉంది, మళ్లీ తగ్గించడం దేనికని రెండో పక్షం అడుగుతుంది. రెండో పక్షానికి గట్టి ఆధారమే ఉంది. 2008లో వెలువడిన ఎస్ఏఈ జె2807 అనే లాగుడు సామర్థ్య పరీక్షా ప్రమాణం ప్రకారం పరీక్షించిన వాహనాలు అరిజోనాలోని డేవిస్ డ్యామ్ ఎత్తును, సుమారు 18 కిలోమీటర్ల పొడవునా 900 మీటర్లకు పైగా ఎక్కే దారిని, 38 డిగ్రీల ఎండలో ఏసీ పూర్తిగా నడుపుతూ ఎక్కగలగాలి. ఇది తేలికైన పరీక్ష కాదు.

అయితే ఆ పరీక్షలో వాహనంలో ఉండేది డ్రైవర్, ఒక ప్రయాణికుడు, ఒక్కొక్కరు 68 కిలోలు అన్న లెక్క మాత్రమే. మన ఉదాహరణలో నలుగురున్నారు, డిక్కీ నిండి ఉంది. పైగా ఈ ప్రమాణం పాటించడం తయారీదారు ఇష్టం. నా దృష్టిలో 80 శాతం అన్నది శాస్త్రీయ సూత్రం కాదు, లెక్క వేయని వారికి పనికొచ్చే ఉరామరి అంచనా. పైన చేసినట్టు ప్రతి పరిమితినీ విడివిడిగా చూసినవారికి దాని అవసరం తగ్గుతుంది. ఆ లెక్క చేయనివారికి 80 శాతం కూడా రక్షణ ఇవ్వకపోవచ్చు, ఎందుకంటే ముక్కు బరువు గురించి అది ఏమీ చెప్పదు.

ఒకే కారుకు రెండు ఖండాల్లో రెండు అంకెలు

అమెరికాలో 680 కిలోలు మాత్రమే లాగవచ్చని చెప్పిన కారు యూరప్‌లో అంతకు రెట్టింపు లాగవచ్చని ముద్రించి ఉండటం చూసి, ఎవరో ఒకరు దాస్తున్నారని చాలామంది అనుకుంటారు. అసలు తేడా పద్ధతుల్లో ఉంది. యూరప్‌లో ముక్కు బరువు హద్దు చిన్న కార్లకు తరచుగా 75 నుంచి 100 కిలోల మధ్య ఉంటుంది. బ్రిటన్‌లో నిండిన బరువులో 5 నుంచి 7 శాతం ముక్కు మీద ఉంటే చాలంటారు. అంత తక్కువ శాతంతో ట్రైలర్ స్థిరంగా నడవాలంటే వేగం తగ్గాలి. జర్మనీలో ట్రైలర్ లాగే కారుకు మామూలుగా గంటకు 80 కిలోమీటర్లే పరిమితి, ప్రత్యేక అనుమతి పొందిన జంటకు 100. బ్రిటన్ మోటార్‌వేల మీద 60 మైళ్లు. అక్కడి క్యారవాన్లలో (ట్రావెల్ ట్రైలర్లకు అక్కడి పేరు) బరువును ఇరుసుకు దగ్గరగా ఉంచి కడతారు, ఊపును అణచే కప్లర్లు (హిచ్ బాల్‌ను పట్టుకునే ట్రైలర్ కొసలు) వాడతారు. కాబట్టి యూరప్ అంకెను తీసుకుని అమెరికా ట్రైలర్‌ను అమెరికా వేగంతో లాగడం అంటే ఒక ఒప్పందంలోని హక్కులు తీసుకుని షరతులు వదిలేయడమే. బ్రిటన్‌లో కొత్తవారికి చెప్పే మరో కొలమానం మాత్రం ఎక్కడైనా పనికొస్తుంది: నిండిన ట్రైలర్ బరువు కారు సొంత బరువులో 85 శాతం మించకూడదని అంటారు. మన ఉదాహరణలో అది 74 శాతం.

హిచ్, బ్రేకులు

వాహనం, హిచ్, బాల్, కప్లర్ ప్రతిదానికీ విడిగా ఒక సామర్థ్యం ఉంటుంది. అన్నింటిలోకీ చిన్నదే చెల్లుతుంది. పెద్ద హిచ్ బిగించినంత మాత్రాన కారు సామర్థ్యం పెరగదు. బరువును ముందు చక్రాలకూ పంచే హిచ్‌లను పెద్ద వాహనాలకు సిఫారసు చేస్తారు, కానీ చాలా చిన్న క్రాసోవర్ల మాన్యువల్స్ వాటిని వద్దంటాయి. బ్రేకుల విషయంలో యూరప్ నియమం స్పష్టం: 750 కిలోలు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండాలి. అమెరికాలో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, కాలిఫోర్నియాలో సుమారు 680 కిలోలకే తప్పనిసరి. చట్టం అడగకపోయినా కారు మాన్యువల్ అంతకంటే తక్కువ బరువుకే ట్రైలర్ బ్రేకులు కోరవచ్చు.

ఏ ఆకారానికి ఏ లాభం, ఏ నష్టం

నీటిబొట్టు ఆకారపు టియర్‌డ్రాప్ ట్రైలర్లు గాలి దృష్ట్యా ఉత్తమం. లోపల పడుకోవచ్చు, నిలబడలేం, వంట వెనక తలుపు ఎత్తి బయటే చేసుకోవాలి. మడిచే పాప్-అప్ రకాలు ప్రయాణంలో కారు చాటున దాగుతాయి, తెరిచాక నలుగురైదుగురికి చోటిస్తాయి. వాటి గుడ్డ గోడలు చలినీ చప్పుడునూ ఆపలేవు, తడిసినప్పుడు మడిచిపెడితే బూజు పడతాయి. గట్టి గోడలతో త్రికోణంగా తెరుచుకునే రకం ఈ రెండింటికీ మధ్యేమార్గం.

అచ్చుపోసిన ఫైబర్‌గ్లాస్ ట్రైలర్లది వేరే సంప్రదాయం. 1968లో కెనడాలోని విన్నిపెగ్‌లో మొదలైన బోలర్, ఆ తర్వాత మిన్నెసోటాలో వచ్చిన స్క్యాంప్ ఈ కోవకు చెందినవి. పై సగం, కింది సగం రెండు గుల్లలుగా పోసి నడుము దగ్గర కలుపుతారు. పైకప్పుకు అతుకులు లేకపోవడంతో నీరు కారే చోట్లు తక్కువ, గుండ్రటి మూలల వల్ల గాలి కొంత సాఫీగా జారుతుంది. చెక్క చట్రంతో కట్టిన పెట్టె లాంటి ట్రైలర్ అదే ధరకు ఎక్కువ చోటిస్తుంది, కానీ అతుకుల్లో నీరు దిగితే లోపలి చెక్క కుళ్లుతుంది, నీరు పీల్చుకుని బరువూ పెరుగుతుంది. పాత ట్రైలర్ కొనేవారు పైకప్పు మూలల్లో వేలితో నొక్కి చూస్తారు. మెత్తగా లోపలికి దిగిందంటే ఆ గోడలో చెక్క మిగల్లేదని అర్థం.

అదే కారు, చిన్న ట్రైలర్

మన కుటుంబం 950 కిలోల ట్రైలర్ వదిలి, ఏసీతో సహా 700 కిలోలున్న అచ్చుపోసిన చిన్న ట్రైలర్ తీసుకుందనుకుందాం. 60 లీటర్ల నీళ్లు, 17 కిలోల సిలిండర్, 25 కిలోల బ్యాటరీ, 90 కిలోల సామాను కలిపితే 892. ముక్కు బరువు 12 శాతం చొప్పున 107, హద్దుకు 28 కిలోలు తక్కువ. మొత్తం బరువు 2,897, అక్కడ 353 కిలోల వెసులుబాటు వచ్చింది. కొండ మీద ఇంజినుకూ గేర్‌బాక్సుకూ ఊపిరి ఆడుతుంది. పేలోడ్ మాత్రం 462 దాకా నిండి, మిగిలింది 38 కిలోలే, ఎందుకంటే కారులో కూర్చున్న నలుగురి బరువు ఏ ట్రైలర్ కొన్నా మారదు. పిల్లలు లేకుండా దంపతులిద్దరే 140 కిలోలు, సామాను 40తో బయల్దేరినప్పుడు అదే పేలోడ్‌లో 188 కిలోలు మిగులుతాయి, సైకిళ్లు కారు మీదే ఎక్కించవచ్చు.